ఎండుచేప నోట్లో నది

నా ముక్కు సంగతి మా నది ఒడ్డున తెలియనివాళ్ళు లేరు. పాత బండి తలుపు తెరిచి ఒక్కసారి గాలి పీల్చానంటే చాలు, దాన్ని ఎంతమంది నడిపారో, వాళ్ళలో సిగరెట్టు తాగేది ఎవరో, పెళ్ళాంతో పోట్లాడి వెనకసీట్లో పడుకున్నది ఎవరో చెప్పేస్తాను. ఒకసారి కొండ అవతలినుంచి వచ్చిన కారులో తల పెట్టి, "ఇందులో పదకొండేళ్ళ కిందట ఒక పెళ్ళికూతురు ఏడ్చింది" అన్నాను. తెచ్చినవాడు నోరెళ్ళబెట్టి, "మా అక్కే" అన్నాడు. పది వాసనలు ముద్ద చేసి పెట్టినా నాకు కావలసినదాన్ని అన్నంలో రాయి ఏరినట్టు ఏరగలను. నమ్మనివాళ్ళు చదవడం ఇక్కడే ఆపేయవచ్చు. ఆపరని నాకు తెలుసు.

నా పేరు నమ్ పాల్‌బోక్. వయసు డెబ్బై నాలుగు. ఊరి బడిలో ఆరేళ్ళు కూర్చున్నాను, అందులో రెండేళ్ళు కిటికీ పక్కన. నది వంపు తిరిగేచోట పాతబండ్ల యార్డు ఉంది. దాని గేటు పక్కన రేకుల షెడ్డు నాది. యార్డులో ఏ బండి అమ్మాలన్నా ముందు నేను దాని స్థితిపత్రం రాయాలి. ఇంజను ఎలా ఉంది, ఎక్కడైనా గుద్దుకుందా, నీళ్ళలో మునిగిందా, అన్నీ నింపి కింద నా ఎర్రముద్ర వెయ్యాలి. ఆ ముద్ర చూసుకునే జనం కొంటారు.

ఆ ఏడు జూన్ నెలాఖరు వానలకు నది ఊళ్ళోకి వచ్చి మూడు రోజులు కాపురం పెట్టింది. నేను మేడ మీద కూర్చుని చూశాను. వీధిలో బండ్లు బాతుల్లా తేలుతూ ఒకదాన్నొకటి ముక్కులతో పొడుచుకుంటూ పోతున్నాయి. వాటి వెనక, మిగతావాటికంటే లోతుగా, ఒక తెల్ల వ్యాను వచ్చింది. తడిసిన తీగలు ఎక్కడ కలుసుకున్నాయో, దాని దీపాలు వాటంతటవే వెలిగాయి. నీళ్ళ అడుగున రెండు పసుపుపచ్చ చందమామలు మెల్లగా బడి దాటి, పోస్టాఫీసు దాటి, చెరుకు రసం రంగు వెలుగులో వెళ్ళిపోయాయి. డ్రైవరు సీట్లో మీసాల వాలుగ చేప ఒకటి కూర్చుని ఉంది. మలుపు దగ్గర అది సిగ్నల్ కూడా వేసింది.

పది రోజుల తర్వాత యార్డు యజమాని బ్యన్ దల్‌సు ఒక తెల్ల వ్యాను తెచ్చి నా షెడ్డు ముందు ఆపాడు. యాభై ఏళ్ళవాడు, నన్ను బాబాయ్ అంటాడు. అవసరం ఉన్నప్పుడు ఇంకా తియ్యగా అంటాడు.

"బాబాయ్, నీ ముక్కు ఉండగా బండి కిందకి దూరడాలు, బోల్టులు విప్పడాలు ఎందుకు? మోకాళ్ళు పాడుచేసుకోకు. ఒక్కసారి అలా తల పెట్టి చెప్పు."

ఆ మాట నా మోకాళ్ళకు బాగా నచ్చింది. తల పెట్టాను. పీల్చాను. కళ్ళు మూసుకుని, కాస్త ఆలస్యం చేసి, "స్నానం చేసి అద్దం ముందు కూర్చున్న పిల్లలా ఉంది" అన్నాను. 'నీళ్ళలో మునిగిన జాడ: లేదు' అని రాసి ముద్ర కొట్టాను. దల్‌సు నాకు ఐసుముక్కలు వేసిన చల్లటి నూడిల్స్ తెప్పించాడు. చాలా బావున్నాయనే అన్నాను.

ఆ వ్యాను కొన్నది ఫ్యో మల్‌సున్. అరవై దాటిన మనిషి, నన్ను అన్నా అని పిలుస్తుంది. రేవులో మురగబెట్టిన టేకు చేప తొట్టెలు ఎత్తుకుని కొండ ఊళ్ళకు తిరుగుతుంది. ఆ చేప లేకపోతే మా వైపు పెళ్ళి పెళ్ళి కాదు, చావు చావు కాదు. దాని ఘాటు ఎలాంటిదంటే, మొదటిసారి తిన్నవాడు తన చిన్నప్పటి తప్పులన్నీ ఒప్పేసుకుంటాడు. తొట్టి మూత తీస్తే ఊరి చివర కుక్కలు కూడా లేచి కూర్చుంటాయి. దల్‌సు ఆ బండిని ఏరికోరి ఆవిడకే ఎందుకు చూపించాడో తర్వాతగానీ నాకు వెలగలేదు. ఆ తొట్టెలు ఎక్కాక ఆ బండిలో ఇంకే వాసనైనా ఎవరికి తెలుస్తుంది?

నెల తిరక్కముందే బండి వింతలు మొదలయ్యాయి. ఎండ కాస్తుంటే కిటికీలకు లోపలినుంచి మంచు పట్టేది. రేడియో పాట మధ్యలో గుడగుడమని నీళ్ళు మింగేది. అన్నిటికంటే వింత నిద్ర. ఆ బండెక్కినవాళ్ళు రెండో మలుపు తిరిగేలోపు తూలేవాళ్ళు. అందరికీ ఒకటే కల: పచ్చటి నీళ్ళు, కింద ఇళ్ళ కప్పులు, ఎక్కడో దూరంగా గంట. కొండమీది ముసలమ్మలు మోకాళ్ళ నొప్పి తగ్గుతుందని ఆ కల కోసమే బండెక్కి సంతకు వచ్చేవాళ్ళు. ఒక్క మల్‌సున్ మాత్రం నిద్రపోయేది కాదు. స్టీరింగు ఆమె చేతిలో ఉంది మరి.

అక్టోబరు మొదట్లో ఒకరోజు కొండ సొరంగం నట్టనడుమ బండి ఆగిపోయింది. ఇంజను పోయింది, దీపాలు పోయాయి, బ్రేకు రాయిలా బిగిసింది. వెనక కంకర లారీ హారన్ కొట్టుకుంటూ వచ్చి, తొట్టెల వాసన తగలబట్టి గబుక్కున ఆగిందట. చీకట్లో మనుషులకు ఆవిడ కనపడలేదు, ఆవిడ చేప మాత్రం తెలిసింది.

మర్నాడు మల్‌సున్ నా షెడ్డుకు వచ్చింది.

"అన్నా, ఈ బండి మునిగిన బండి. కాదను చూద్దాం."

"నా ముక్కు కాదంటోంది" అన్నాను.

"నీ ముద్ర చూసే కొన్నా. సొరంగంలో నా పక్కన నీ ముక్కు లేదు."

కొనుగోలు కాగితంలో ఒక షరతు ఉంది. తొంభై రోజుల్లోపు మునిగిన బండి అని తేలితే అమ్మినవాడు బండి వెనక్కి తీసుకోవాలి. ఆ రోజుకు ఎనభై ఆరు అయ్యాయి. మల్‌సున్ నా ముఖం ఇంకోసారి చూసి, నేరుగా వెళ్ళి జిల్లా ఆఫీసులో ఫిర్యాదు రాసిచ్చింది.

ఎనభై తొమ్మిదో రోజు పొద్దున్నే, నదిమీది పొగమంచు యార్డులోకి పాకి బండ్లన్నీ మెడదాకా దుప్పటి కప్పుకుని పడుకున్న వేళ, తనిఖీ అధికారిణి వచ్చింది. పేరు కీ హారమ్. ముప్పై కూడా నిండలేదు. టార్చి, పుల్లకు కట్టిన చిన్న అద్దం, భుజాన సంచి. మర్నాటినుంచి నాలుగు రోజులు పండగ సెలవులు. ఆఫీసుకు తాళం.

ఆ పిల్ల పని చేసే తీరు చూస్తే నాకు మా బడి పంతులమ్మ గుర్తొచ్చింది. ముందు లైసెన్సు అడిగింది. తర్వాత ఒక్కో బండి దగ్గర ఆగి, అద్దానికి అంటించిన చీటీని, స్థితిపత్రాన్ని పక్కపక్కన పెట్టి చదివింది. ఎవరినీ కసురుకోలేదు. అదే ఎక్కువ భయం వేసింది. చివరికి, ఎలాగో మళ్ళీ స్టార్టయితే మల్‌సున్ తోలుకొచ్చిన తెల్ల వ్యాను దగ్గరికి వచ్చి, తలుపు తీసి, ముక్కుకు రుమాలు కట్టుకుంది.

సీటుబెల్టును కొసదాకా బయటికి లాగింది. మునిగిన బండి బెల్టుకు ఎంత ఉతికినా ఆ కొసన బురద చార మిగులుతుంది. ఇది నిగనిగలాడుతోంది. కుట్టు దగ్గర చీటీకి టార్చి వేసి చదివింది.

"బండి పుట్టి తొమ్మిదేళ్ళు. బెల్టు పుట్టి నాలుగు నెలలు."

"పాతది పీచు లేచింది మేడమ్" అన్నాడు దల్‌సు. "కొనేవాళ్ళ ప్రాణం ముఖ్యం కదా అని కొత్తది వేయించా. అదీ తప్పేనా?"

"కింద పరిచిన మ్యాట్ కూడా కొత్తదే."

"ఎలుక కొరికిందండీ."

"ఫ్యూజుల పెట్టె?"

"అదే ఎలుక."

"పనిమంతురాలైన ఎలుక" అంటూ రాసుకుంది హారమ్. అద్దం పుల్లను సీటు కింద తిప్పింది. అంతా కడిగి, తుడిచి, నల్లరంగు వేసి ఉంది. నడుం పట్టుకుని లేచి మల్‌సున్ వైపు తిరిగింది. "అమ్మా, నాకు అనుమానం ఉంది. కానీ కొత్త వస్తువులు సాక్ష్యం కావు. పాత యజమాని బీమా చేయించలేదు, అందుకని మునిగినట్టు ఏ రికార్డులోనూ లేదు. తీగలు విప్పి చూడాలంటే పట్నం పంపాలి. పండగ తర్వాతే."

"అప్పటికి తొంభై దాటిపోతాయి."

"దాటిపోతాయి."

"అయితే ఆ సొరంగంలోకి మళ్ళీ ఈ బండిమీదే పోవాలా నేను?"

దల్‌సు మంచులో ఏదో బండిని చూసుకుంటూ ఈల వెయ్యబోయి మానుకున్నాడు.

అప్పుడు హారమ్ నా దగ్గరికి వచ్చింది. "తాతగారూ, ఈ చేప ఘాటులో నా ముక్కు పని చెయ్యట్లేదు. మీ ముక్కు గురించి ఆఫీసులో కూడా చెప్పుకుంటారు. పది వాసనల్లోంచి ఒకటి ఏరగలరట కదా. ఒక్కసారి చూసి, ఏం తెలిస్తే అది చెప్పండి. మీరు చెప్పింది రాసుకుంటాను."

వెళ్ళి డ్రైవరు సీట్లో కూర్చున్నాను. తలుపు వేశారు. కళ్ళు మూసుకుని పీల్చాను.

రెండో ఊపిరికే బండి కదిలింది. మంచు పచ్చబడి, పచ్చదనం నీళ్ళై, నేను బడి దాటి, పోస్టాఫీసు దాటి తేలిపోతున్నాను. పక్కసీట్లో వాలుగ చేప మీసం సవరించుకుంటోంది. కింద మా ఇంటి కప్పుమీద మా ఆవిడ ఎండబెట్టిన మిరపకాయలు ఎర్రగా ఊగుతున్నాయి. కిటికీ బయట ఇంకో చేప నాతోపాటే ఈదుతోంది. అది ఎండిపోయిన చేప, కర్రముక్కలా బిగుసుకుపోయింది. ఒంటికి తెల్లదారం చుట్టి ఉంది. పెద్దగా నోరు తెరిచి అద్దానికి ఆనించి ఏదో చెప్పబోతోంది. వినబడలేదు. అద్దం దించుదామని చెయ్యి చాపాను, హారమ్ తలుపు తీసింది.

"ఏం తెలిసింది తాతగారూ?"

గంభీరంగా దిగాను. "కొత్త సీటు కవర్ల వాసన. కొంచెం సబ్బు. అంతే."

హారమ్ రుమాలు మీదినుంచి నన్నే చూస్తోంది. ఆవిడ కళ్ళు ఎర్రగా ఉన్నాయి. దల్‌సు నాలుగడుగులు వెనక్కి జరిగి చేత్తో మూతి కప్పుకున్నాడు. నా కళ్ళూ మండుతున్నాయి, పొగమంచు అనుకున్నాను.

"అన్నా" అంది మల్‌సున్ మెల్లగా. "నీ సీటు వెనక తొట్టి మూత జారిపోయింది. చేప మొత్తం బయటే ఉంది."

ఇంక దాచి ఏం లాభం? నా ముక్కు చచ్చిపోయి ఆరేళ్ళయింది. ఒక చలికాలం జ్వరం వచ్చి, పోతూపోతూ దాన్ని పట్టుకుపోయింది. మా ఆవిడ పొయ్యిమీద అన్నం మాడి నల్లబొగ్గు అవుతుంటే నేను పక్కనే కూర్చుని పేపరు చదువుకున్నాను, అప్పుడు తెలిసింది. ఎవరికీ చెప్పలేదు. ముక్కు పోయినా పేరు మిగిలింది కదా, దాంతో నెట్టుకొచ్చాను. పెళ్ళికూతురు ఏడ్చిన కారు సంగతి? ఏ కారులో మాత్రం పెళ్ళికూతురు ఏడవలేదు చెప్పండి.

ఇదంతా ఆ మంచులో నిలబడి వాళ్ళకూ చెప్పేశాను. చెబుతుంటే ఒళ్ళు తేలికైంది. "ఆ పత్రం మీద ముద్ర నాది, అమ్మాయ్. కానీ నేను బండి కిందకి దూరలేదు, ఏమీ విప్పలేదు, వాసన రాలేదు. రాసుకో."

హారమ్ రాసుకుంది. మల్‌సున్ నన్ను తిట్టలేదు. జారిన మూత తెచ్చి తొట్టికి బిగించడం మొదలుపెట్టింది. తిట్టినా బావుండేది.

అప్పుడు ఆ ఎండుచేప మళ్ళీ గుర్తొచ్చింది, అద్దానికి నోరు ఆనించి.

మావాళ్ళు బండి కొనగానే ముందు పూజ చేస్తారు. నాలుగు చక్రాలకు బియ్యపు కల్లు పోసి, తెల్లదారం చుట్టిన ఎండుచేపను బండిలో ఒక మూల పెడతారు. ప్రమాదం వస్తే మనిషి బదులు ఆ చేప తీసుకుంటుందని నమ్మకం. బండి చచ్చేదాకా దాన్ని ఎవరూ తియ్యరు. దల్‌సుకు ఈ నమ్మకం అందరికంటే నాలుగు పాళ్ళు ఎక్కువ. నెల మొదటి తారీఖున యార్డు గేటు దగ్గర పందితల పెట్టి సాగిలపడతాడు. ఒకసారి తుక్కుకు అమ్మిన కారులో చేప ఉండిపోయిందని పదిహేను మైళ్ళు వెనక్కి వెళ్ళి, దానికి క్షమాపణ చెప్పి వచ్చాడు.

"దల్‌సూ" అన్నాను. "బెల్టు మార్చావు, మ్యాట్ మార్చావు. ఈ బండి చేప ఏదిరా?"

దల్‌సు ముఖం సున్నం కొట్టినట్టయింది. "చేపేంటి బాబాయ్? ఏ చేప?"

"పారేశానని అను. అదిగో గేటు, పందితల పెట్టే చోటు. అటు తిరిగి, 'కాపలా చేపను నా చేత్తో చెత్తలో పారేశాను' అని గట్టిగా అను. వదిలేస్తాను."

వాడు గేటు వైపు చూశాడు. నోరు తెరిచాడు. మూశాడు. బెల్టు గురించి, ఎలుక గురించి అంత హాయిగా చెప్పినవాడు ఈ ఒక్క ముక్క అనలేకపోయాడు.

"ఎలా పారేస్తాను బాబాయ్" అన్నాడు చివరికి, ఏడుపు గొంతుతో. "సీటు కింద, ఇంజను పక్కన, గుడ్డలో చుట్టి పెట్టా. మంచి గుడ్డే."

హారమ్ సీటు లేపించింది. నల్లరంగు వేసిన మూల, రంగు రేకు వెనక, కొత్త గుడ్డలో చేప ఉంది. వాడు దానికి దారం కూడా కొత్తది చుట్టాడు. ఒళ్ళు తుడిచాడు, మొప్పలు తుడిచాడు. కానీ కాపలా చేప నోట్లో వేలు పెట్టే ధైర్యం ఎవరికుంటుంది? దవడ పట్టుకుని నేనే తెరిచాను. ఎటూ పోయిన పరువు.

గొంతుదాకా బూడిదరంగు ఒండ్రు గట్టిగా కూరుకుని ఉంది. గోటితో గీకితే దాని మధ్యనుంచి పచ్చనల్లటి నదినత్త ఒకటి, వడ్లగింజంత, దొర్లి హారమ్ అరచేతిలో పడింది. మంచులోంచి అప్పుడే ఎండ దిగింది.

"ఈ చేప ఎక్కడిది తాతగారూ?"

"ఉత్తరపు సముద్రంలో పట్టి, మంచుకొండల మీద ఎండబెట్టింది. దాని జన్మలో నది చూడలేదు, ఈ బండి ఎక్కేదాకా."

"నత్తదేముంది మేడమ్..." అని మొదలుపెట్టాడు దల్‌సు.

"దీన్ని కూడా ఎలుకే తెచ్చిందా?" అంది హారమ్.

వాడు చేపవైపు చూశాడు. ఆ తెరిచిన నోరు వాడివైపే తిరిగి ఉంది. మంచుకు తడిసిన నేలమీద అలాగే చతికిలబడి, బండిని వరదలోంచి ఎక్కడ లాగాడో, ఎన్ని రోజులు ఆరబెట్టాడో, ఈ ఆవిడకే ఎందుకు అమ్మాడో మొత్తం చెప్పేశాడు. నిజానికి నాకు చెప్పినట్టు లేదు, హారమ్‌కు చెప్పినట్టు లేదు, చేపకు చెప్పుకున్నట్టుంది. హారమ్ ప్రతి ముక్కా రాసి, చదివి వినిపించి, సంతకం పెట్టించింది. నత్తను, చేపను రెండు సంచుల్లో పెట్టి చీటీలు అంటించింది. సమయం పదకొండు ఇరవై. ఎనభై తొమ్మిదో రోజు.

దల్‌సు బండి వెనక్కి తీసుకున్నాడు. యార్డు గేటుకు రెండు నెలలు మూసివేత నోటీసు అంటించారు. నా ఎర్రముద్రను హారమ్ చీటీ రాసిచ్చి పట్టుకుపోయింది. ముప్పై ఏళ్ళు నా జేబులో ఉన్న వస్తువు అది. ఇప్పుడు ఆ జేబులో వేరుశనక్కాయలు పోసుకుంటున్నాను, బాగానే పడుతున్నాయి. చేప మాత్రం ఇంకా జిల్లా ఆఫీసు బీరువాలో ఉంది. దాని చుట్టుపక్కల ఫైళ్ళు ఎండాకాలంలో కూడా చల్లగా తడిగా ఉంటాయట, బీరువా పక్క బల్లమీది గుమస్తా మధ్యాహ్నం రెండింటికల్లా తల వాల్చేస్తాడట. లేపితే, ఎక్కడో గంట మోగిందంటాడట.

పండగ వెళ్ళాక మల్‌సున్ ఇంకో బండి కొంది. చిన్నది, ఆకుపచ్చది, పొడిది. ఈసారి పట్నంనుంచి మనిషిని పిలిపించి కింద దూరి చూడమంది. మా షెడ్డు ముందే పూజ చేసింది. కొత్త చేపకు దారం చుట్టి, నాలుగు చక్రాలకు కల్లు పోసింది. తర్వాత నా దగ్గరికి వచ్చి, మిగిలిన కల్లు గిన్నెలో వంచి నా చేతికిచ్చి, "తాగు అన్నా. ముక్కు లేకపోతేనేం, నోరుంది కదా" అంది. తెల్లటి కల్లులో పొద్దుటి ఆకాశం మొత్తం ఊగుతూ కనిపించింది. తాగాను.

ఇందులో ఏది నిజం, ఏది నా చేతి చలవ అని మీరు లెక్కలు వేస్తూ ఉంటారు. నత్త నిజం. ఆఫీసుకు వెళ్ళి అడగండి, చూపిస్తారు. వాలుగ చేప సిగ్నల్ వెయ్యడం నా రెండు కళ్ళతో చూశాను, దానిమీద వాదన వద్దు. నేను కల్పించింది ఒక్కటే, ఆ కల్లు గిన్నె. నాలుగో చక్రం దగ్గరికి వచ్చేసరికి మల్‌సున్ సీసాలో ఒక్క చుక్క మిగల్లేదు. నావైపు చూడకుండానే బండెక్కి వెళ్ళిపోయింది. ఆ గిన్నెను నా చేతిలో నేనే పెట్టుకున్నాను, ఇది రాస్తూ.